రాజీనామా చెయ్యని మా ఓనరమ్మ

మా ఓనరమ్మ చనిపోయిందని ఆవిడ తమ్ముడు దవాఖాన నుంచి ఫోన్ చేసినప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో రీజనింగ్ క్లాసు చెప్తున్నాను. బోర్డు మీద సగం వేసిన లెక్క అలాగే వదిలేసి, పిల్లల్ని ఇంటికి పొమ్మని, షేర్ ఆటో ఎక్కాను. మెట్రో స్తంభాల కోసం తవ్విపోసిన మట్టి మధ్య ఆ ఆటో ఈదుకుంటూ కొత్తపేట దాటేలోపు నా ఫోన్లోకి ఇంకో కబురు వచ్చిపడింది. మా నిఘంటువు సలహా మండలివారి సంతాప ప్రకటన. ఆ మండలి ఏ పనైనా అంత తొందరగా చెయ్యగా నేను అంతకుముందు చూడలేదు.

ప్రకటన ఇంగ్లీషులో ఉంది. ఆవిడ సేవలు మరువరానివన్నారు, గొంతు మధురమన్నారు. తర్వాత ఒక వాక్యం. కొంతకాలం కిందట ఆవిడ మండలి నుంచి స్వచ్ఛందంగా తప్పుకున్నారట. ఆ ఒక్క వాక్యం లేకపోతే నేను ఈ నాలుగు ముక్కలూ రాసేదాన్ని కాదు, నా ఏడుపేదో ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆవిడ తప్పుకోలేదు. తప్పించారు. ఆ అబద్ధాన్ని చెరిపించాలని బతికున్నన్నాళ్ళూ అడుగుతూనే ఉంది. చెరపలేదు సరికదా, మనిషి ఇంకా ఇంటికి చేరకముందే దాన్నే దండగా గుచ్చి వేశారు. అందుకని ముందే చెప్తున్నాను, ఇది మెత్తగా సాగే స్మృతి కాదు. మెత్తనివి కావాలంటే మండలివారి పేజీలో ఉన్నాయి, చదువుకోండి.

నిఘంటువు అంటే అచ్చయిన లావుపాటి పుస్తకం కాదు. ఇంటర్నెట్‌లో జనం జీతం భత్యం లేకుండా, ఊరికే, ఇష్టం కొద్దీ రాసేది. తెలుగు, మరాఠీ, ఒడియా, ఉర్దూ, ఇంకా ఎన్నో భాషలవాళ్ళు తమ తమ మాటలు ఎక్కిస్తారు, అర్థం రాస్తారు, పలికి వినిపిస్తారు. ఇంతమంది మంచిచెడ్డలు చూడ్డానికి భాషకి ఇద్దరు చొప్పున ఒక సలహా మండలి. తెలుగు తరఫున ఒకరు కార్యదర్శిగారు, రెండో మనిషి మా ఓనరమ్మ. కార్యదర్శిగారి పేరు రాయను. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఇంజనీరు, నేనూ కోస్తాదాన్నే కాబట్టి ఆ సంగతి చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఓనరమ్మ పేరు కూడా రాయను. మా వీధిలో ఎవరూ ఆవిణ్ణి పేరు పెట్టి పిలవలేదు. ఇంకోటి, నేను ఆయన్ని 'గారు' అనీ, ఆవిణ్ణి 'అంది' అనీ రాస్తుంటే తప్పు పట్టకండి. ఉన్న మర్యాదంతా ఆయనకే ఇచ్చేశాను, ఆవిడకి నా దగ్గర వేరేది ఉంది.

ఎల్బీనగర్‌లో రింగు రోడ్డుకి వెనక వీధిలో ఆవిడ ఇల్లు. కింద ఆవిడ ఒక్కతే, పైన మేం కిరాయికి, మా అమ్మా నేనూ. తెనాలి నుంచి సామాను దింపిన రోజు సాయంత్రం నల్లా వస్తోందో లేదో చూడ్డానికి పైకొచ్చింది. అన్నీ తిప్పి చూసి, "మంచిగ సర్దుకోండి వదినా. ఇగ నేను పోత" అని మెట్లు దిగింది. మా అమ్మ మొహం పాలిపోయింది. తలుపు వేశాక నామీద విరుచుకుపడింది. "దీపాలు పెట్టేవేళ ఆ మాటేంటే? కొత్తింట్లో అడుగుపెట్టామో లేదో, పోతాననడమేంటి? వస్తానని చావచ్చుగా."

మా వైపు గుమ్మం దాటే మనిషి 'వెళ్ళొస్తా' అంటాడు, తొందరగా ఉంటే 'వస్తా' అంటాడు. 'పోవడం' ప్రాణాలకీ, పరువుకీ, కరెంటుకీ. అమ్మ కడుపులో ఏదీ దాగదు, మర్నాడు ఆవిడకే చెప్పేసింది. ఆవిడ శ్రద్ధగా విని, "మా దాంట్ల గంతే వదినా. పోయేటప్పుడు పోత అని చెప్పాలె. ఒచ్చుడు చెప్పనక్కర్లే, ఒచ్చినంక కనబడ్తం గద" అంది. అప్పట్నించి కావాలని కింద గేటు దగ్గర నిలబడి, వీధంతా వినపడేలా, "వదినా, పోత" అని కేకేసి మరీ కూరగాయలకి వెళ్ళేది. అమ్మ వంటింట్లోంచి దోషం పోవడానికి "రండి, రండి" అనేది. వాళ్ళిద్దరి స్నేహం అలా కుదిరింది.

ఆవిడ ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఇప్పటి పిల్లలకి ట్రంకు కాల్ అంటే తెలీదు. పై ఊరికి ఫోన్ చెయ్యాలంటే ముందు ఎక్స్ఛేంజికి చెప్పుకోవాలి, అక్కడి ఆపరేటరు వైరు తగిలించి రెండు ఊళ్ళనీ కలపాలి. ఏళ్ళ తరబడి ఆ పని చేసి ఆవిడకో అలవాటు పట్టుకుంది. మీకేదైనా చెప్తే మీరు "ఆఁ" అనేదాకా కదలదు. తల ఊపితే చాలదు. "మాట ఈడికెల్లి పోతె చెప్పినట్టు కాదు బిడ్డా. అవుతలోడు ఆఁ అనాలె. అప్పటిదాంక వైరు ఇడ్వద్దు" అనేది. మోటారు ఎప్పుడు కట్టెయ్యాలో చెప్పి మెట్ల మీదే నిలబడేది. నేను బ్రష్ నోట్లో పెట్టుకుని ఉన్నా సరే, "ఆఁ" అనాల్సిందే.

మంచిదని చెప్పను. మా ఇంటికొచ్చిన చుట్టాల స్కూటరు తన తులసికుండీకి ఆనిందని గాలి తీయించిన మనిషి. ఎవరినీ క్షమించేది కాదు. ఒకసారి గిర్నీవాడు ఆవిడ మిరపకాయల్లో ఇంకెవరివో కలిపి పట్టేశాడని, ఆ గిర్నీ ఉన్న వైపు మళ్ళీ నడవలేదు, ఎండలో చుట్టూ తిరిగి వెళ్ళేది. పోనీలెండి ఆంటీ, వాడు ఎప్పుడో మర్చిపోయాడు అన్నాను. "మాఫ్ చేసుడు దేవుని పని. యాది పెట్టుకునుడు నా పని. ఎవల పని ఆళ్ళు చెయ్యాలె" అంది. ఆ పని ఇప్పుడు నాకు అప్పజెప్పి పోయింది, చేస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో వారంలో ఏదో ఒకరోజు బంద్. బంద్ అంటే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లన్నీ షట్టర్లు దించేవి, నేను ఇంట్లో ఉండేదాన్ని. అమ్మకి లోపల భయంగా ఉండేది, మనల్ని ఖాళీ చేయిస్తారేమోనని. ఓనరమ్మకి అది ఎలా తెలిసిందో, ఒకరోజు జొన్నరొట్టెలు పట్టుకొచ్చి, "నువ్వేడికి పోతవ్ వదినా? నువ్వు పోతె నేనెవల్తోని కొట్లాడాలె?" అంది. ఆ బంద్ రోజుల్లోనే నేను నిఘంటువుకి మాటలు ఎక్కిస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. పుంటికూర అని వెతకమంది. వెతికాను. "మాండలికం, గోంగూర చూడు" అని వచ్చింది. గోంగూర వెతకమంది. దాని దగ్గర మాండలికమని లేదు, ఉత్త గోంగూర.

"మీ కూర కూరనా, మా కూర మాండలికమా?" అంది. "పుంటికూరకు గోంగూర మాండలికమని ఎందుకు రాయలే?"

ఎవరో రాశారు ఆంటీ, మనమూ మార్చవచ్చు అన్నాను. ఇంకేం కావాలి. మర్నాటి నుంచి నా కంప్యూటరు ఆవిడదైంది, కింద ఆవిడ గదిలోకి చేరింది. టైపింగు కంటే ఆవిడకి గొంతు ఇవ్వడం ఇష్టం. మైకు ముందు నడుం నిటారుగా పెట్టి కూర్చుని, ఎక్స్ఛేంజి గొంతుతో ఒక్కో మాటా పలికేది. ఫ్యాను కట్టేసేది. "వదినా, నీ కుక్కరు జర ఆపు, రికార్డింగు నడుస్తున్నది" అని కింద నుంచి గద్దించేది. అమ్మ నిజంగానే స్టవ్ ఆర్పేసేది. పప్పు సగం ఉడికిన అన్నాలు మేం చాలానే తిన్నాం. ఇవాళ మీరు ఆ నిఘంటువులో ఏ తెలుగు మాట పక్కన గుర్తు నొక్కినా చాలావాటికి పలికేది ఆవిడే.

మండలిలోకి ఆవిణ్ణి పిలిచింది ప్రేమతో కాదు. పెద్దవాళ్ళు లేరు, ఆడవాళ్ళు తక్కువ, తెలంగాణవాళ్ళు అసలే లేరని ఎవరో అడిగారు. కార్యదర్శిగారు ఒక్క మనిషితో మూడు ఖాళీలూ నింపేశారు. రిటైరైన పెద్దావిడ, మీటింగులో కూర్చుని తలాడిస్తుందనుకున్నారు. తల ఊపితే ఒప్పుకోని మనిషని ఆయనకేం తెలుసు.

మండలి పనిచేసే తీరు ఇది. ఏదైనా మార్చాలంటే ఇంగ్లీషులో ఒక మెయిలు వేస్తారు. గడువు పెడతారు. గడువులోపు ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టు. ఆవిడ మండలిలో చేరిన కొత్తలోనే, పాత రికార్డింగులు ఫలానా చోటికి మార్చుకోకపోతే తీసేస్తామని అలా ఒక మెయిలు వేశారు. మరాఠీ, ఒడియావాళ్ళలో సగంమందికి ఆ ఇంగ్లీషు అర్థం కాలేదు, అర్థమైనవాళ్ళు చూసుకోలేదు. వాళ్ళు పలికిన మాటలన్నీ ఒక పొద్దున ఎగిరిపోయాయి. షోలాపూర్‌లో ఉండే మరాఠీ సభ్యురాలు, ఈవిడ ఈడుదే, హిందీలో ఫోన్ చేసి ఏడ్చింది. తన అత్తగారి చేత పలికించిన పాత మాటలట, ఆ అత్తగారు ఇప్పుడు లేదట.

మీటింగులన్నీ నెట్‌లోనే, ఆ కంప్యూటరు ముందే. తర్వాతి మీటింగులో మా ఓనరమ్మ అడిగింది. "మేం చెప్పినం, ఎవ్వలు మాట్లాడలే అంటున్నరు. మాట్లాడకుంటె ఒప్పుకున్నట్టా?"

"మౌనం అర్ధాంగీకారం అంటారు కదండీ మేడమ్" అన్నారు కార్యదర్శిగారు నవ్వుతూ.

"అంటరు. అర్ధం అంటె సగమే గద సారూ. మిగిలిన సగం ఎవలిచ్చిన్రు?"

నేను పక్కనే ఉన్నాను. ఆ మాటని నేనే ఇంగ్లీషులో పెట్టాను, షోలాపూర్ ఆవిడ అటువైపు నుంచి "అదీ" అన్నట్టు చప్పట్లు కొట్టడం వినిపించింది. ఆ దెబ్బతో ఒక నిబంధన వచ్చింది. మండలి ఏ ప్రకటన చేసినా ప్రతి భాషలోనూ అది రాయాలి, ఆ భాషవాళ్ళలో ఒకరు చదివి ఆమోదం గుర్తు పెట్టాలి. అన్ని భాషల గుర్తులూ పడేదాకా ఆ ప్రకటన నెత్తిన ఎర్రగా 'ముసాయిదా' అనే ఉంటుంది. మేం దాన్ని ఆఁ నిబంధన అనుకునేవాళ్ళం. కార్యదర్శిగారు కూడా చెయ్యెత్తారు, మంచిపేరొస్తుంది కదా. ఆవిడ ఇంకో అడుగు వేసి తీర్మానాలకి కూడా ఇదే ఉండాలంది. దానికి మాత్రం తర్వాత చూద్దామన్నారు.

తర్వాత వాళ్ళు చూసింది ఆవిడ సంగతి. ఉద్యమంలో భాగంగా గనులవాళ్ళు సమ్మెకి దిగిన రోజుల్లో బొగ్గు లేక కరెంటు కోతలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే తెలుగు మాటల మీద తీర్మానం పెట్టారు. పాఠ్యపుస్తకాల్లో లేని మాటలన్నిటికీ పక్కన 'మాండలికం' అని ఉండాలని. దారికి తొవ్వ, వెల్లుల్లికి ఎల్లిపాయ, ఆనపకాయకి సోరకాయ, అన్నీ మాండలికాలే. నెట్ నెమ్మదిగా ఉందని ఆరోజు మీటింగు మాటల్లో కాకుండా టైపింగులో జరిగింది. నేను క్లాసులో ఉన్నాను. ఆవిడ తెలుగులో రాస్తే కార్యదర్శిగారు మిగతా భాషలవాళ్ళకి ఇంగ్లీషులో చెప్పాలి. చాలాసేపు వాదించింది. కరెంటు పోయే టైమైంది. మీటింగు ఇంకా సాగుతుందని, మిగతాది మర్నాడు మాట్లాడదామని, పెద్దమనిషిలా చెప్పి మరీ లేవాలనుకుంది. "ఇయ్యాల్టికి చాలు. ఇగ నేను పోత" అని రాసింది. కరెంటు పోయింది.

కార్యదర్శిగారు దాన్ని ఇంగ్లీషులో ఇలా పెట్టారు. నాకిక చాలు, నేను వెళ్ళిపోతున్నాను. 'ఇయ్యాల్టికి' అన్న మాట ఏమైందో ఆయనకే తెలియాలి. మిగతావాళ్ళు బాధపడ్డారు, పెద్దావిడ అలిగిందనుకున్నారు, ఉండమని బతిమాలారు. చీకట్లో కూర్చున్న మనిషి ఏం జవాబిస్తుంది? మౌనం. రాజీనామా ఆమోదించారు. మిగిలిన ఒక్క తెలుగు సభ్యుడి మద్దతుతో తీర్మానం ఆ పూటే నెగ్గింది.

నేను ఇంటికొచ్చేసరికి కరెంటు వచ్చింది. ఆవిడ నన్ను కిందికే పిలిచింది. "బిడ్డా, ఎవలో పాపం మండలి ఇడ్సిపెట్టి పోయిన్రంట. ఇంగ్లీషుల ఏందేందో మంచిగ రాసిన్రు. ఎవలో చూడు, మందలిద్దాం" అంది. మందలించడమంటే ఆవిడ దాంట్లో తిట్టడం కాదు, పలకరించి ఓదార్చడం. చదివాను. "మీరే ఆంటీ" అన్నాను. "నేనేంది?" అంది. మళ్ళీ చెప్పాను. ఆవిడ "ఆఁ" అనలేదు. నాకు తెలిసి ఆవిడకి ఒక మాట వినపడి కూడా "ఆఁ" అనకపోవడం అదొక్కసారే.

మెయిళ్ళు రాశాం. జవాబు రాలేదు. చివరికి ఒక ఆదివారం, "కొత్తపేట నుంచి ఎల్బీనగర్‌కు మెయిలు లోకమంత తిరిగొస్తది. మనమే పోదాం పా" అని నన్ను బయల్దేరదీసింది. కొత్తపేటలో కార్యదర్శిగారి ఫ్లాటు మా వీధికి షేర్ ఆటో దూరం. అంత దగ్గరున్న ఇద్దరు మనుషులు ఒకరి మాట ఒకరికి అర్థం కావడానికి మధ్యలో ఇంగ్లీషు పెట్టుకున్నారు.

"రండి మేడమ్. ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండీ" అన్నారు. కాఫీ తెప్పించారు. ఆవిడ ముట్టుకోలేదు.

"ఏం రాసిన నేను, జర చెప్పు సారూ."

"చూడండి మేడమ్, ఇది పర్సనల్ కాదు. ప్రాసెస్ ప్రకారం జరిగింది. మీరు పోతానని రాశారు, నేను ఉన్నదున్నట్టు చెప్పాను."

"పోతనే అన్న. పోత అంటె ఇయ్యాల పోయి మల్ల ఒస్త అని. నీకు ఎరుకలేదా?"

"మా వైపు ఆ వాడుక లేదండి."

"మంచిది. మీ దిక్కు పోయేటప్పుడు వస్తా అంటరు గద. నువ్వు మా ఇంటికొచ్చి, వస్తా అని లేస్తివనుకో. ఈ సారు పోలే, ఈడ్నే ఉన్నడనుకొని నీకు పక్క ఎయ్యాల్నా?"

ఆయన నవ్వేశారు. సరిగ్గా అప్పుడే వాళ్ళ పనిమనిషి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, "అమ్మా, పోతున్న" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. లోపల్నించి ఆయన భార్య "సరే, తలుపు దగ్గరికెయ్" అంది. మా ఓనరమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆయన కాఫీ కప్పులోకి చూసుకున్నారు. ఆ పనిమనిషి రోజూ ఆ మాటే అని వెళ్తుంది కదా, రాజీనామా చేసిందనుకుని ఆయన ఒక్క పూటైనా గిన్నెలు తోముకున్నారా? ఆయనకి ఆ వాడుక తెలియదంటే నేను ఇప్పటికీ నమ్మను. మండలి ముందు పెడతానని మాటిచ్చి మమ్మల్ని లిఫ్టు దాకా సాగనంపారు. పెట్టలేదు. ఇచ్చిన రాజీనామాని వెనక్కి తీసుకోవడానికి నియమాల్లో దారి లేదని కొన్నాళ్ళకి మెయిలొచ్చింది. ఇవ్వని రాజీనామా మాటేమిటని అడిగితే దానికి జవాబే లేదు.

నేను కూడా ఆ నిఘంటువు వదిలేస్తానన్నాను. కోప్పడింది. "నువ్వు ఆడ్నే ఉండు. తలుపు కాడ మన మనిషి ఒకతుండాలె" అంది. తను కూడా మాటలు పలకడం మానలేదు. మండలి ఆళ్ళది, మాట మనది అనేది. తీర్మానం ప్రకారం 'మాండలికం' అని తగిలించిన ప్రతి మాటనీ వెతికి పట్టుకుని ఇంకా శుభ్రంగా, ఇంకా గట్టిగా పలికింది. కొన్నాళ్ళకి తెలుగు ప్రకటనలు రాసి ఆమోదం గుర్తు పెట్టే పని చెయ్యడానికి ఎవరూ లేకపోతే నన్నడిగారు. ఒప్పుకోమంది ఓనరమ్మ. ఎందుకు ఒప్పుకోమందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఈ ఎండాకాలం మొదట్లో ఆవిడకి ఊపిరి ఆడటం కష్టమైంది. దవాఖానలో మంచం ఎదురుగా టీవీ. రాష్ట్రం వచ్చేసిందని, జూన్‌లో మొదలవుతుందని చెప్తున్నారు, వరండాలో ఎవరో మిఠాయిలు పంచుతున్నారు. ఆవిడ ముక్కుకున్న గొట్టం పక్కకి జరిపి, "ఇగ మనయి మాండలికాలు కాకపోవచ్చు గద బిడ్డా" అంది. నాకు తెలీదాంటీ అన్నాను. "నేను పోత అన్నది గూడ సక్కగ రాస్తరా?" అంది. రాయిస్తానన్నాను. ఆవిడకి అంతమాత్రం సరిపోదని గుర్తొచ్చి, "ఆఁ" అని కూడా అన్నాను.

అందుకని ఆరోజు షేర్ ఆటోలో ఆ సంతాప ప్రకటన చదివినప్పుడు నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఆ కోపానికి ఒక దారి కనిపించింది. ప్రకటన నెత్తిన ఎర్రగా 'ముసాయిదా' అని ఉంది. కింద అన్ని భాషల పక్కనా గుర్తులు పడ్డాయి. తెలుగు పక్కన ఖాళీ. ఆ ఖాళీ నాది.

నేనేమీ పెట్టలేదు. కార్యదర్శిగారు మెయిలు పెట్టారు, వీలు చూసుకుని ఆమోదించమని. మళ్ళీ పెట్టారు, తొందరగా ఆమోదించమని. సంతాపం రోజుల తరబడి ముసాయిదాగా కనిపిస్తుంటే చూసేవాళ్ళకి బాగోదట. బాగోకూడదనే కదా నా తాపత్రయం. నేను మిగతా భాషలవాళ్ళందరికీ ఒక్క కబురు పెట్టాను, ఆవిడ రాసిన వాక్యం, దాని అసలు అర్థం, అంతే. షోలాపూర్ ఆవిడ వెంటనే ఫోన్ చేసింది. "తను ఎన్నిసార్లు నాతో అన్నది, నేను రాజీనామా ఇవ్వలేదు అక్కా అని. నేను ఆ ఇంగ్లీషు సరిగ్గా చూడకుండా గుర్తు పెట్టేశాను" అని తన గుర్తు వెనక్కి తీసేసుకుంది. సాయంత్రానికి ఉర్దూ పక్కన కూడా గుర్తు పోయింది. మర్నాడు ఒడియా పక్కన. నాకు ఎంత సంతోషం వేసిందో దాచుకోను.

దినాల రోజు కార్యదర్శిగారు స్వయంగా వచ్చారు. కింద షామియానా వేసి భోజనాలు పెడుతున్నారు. ఆయన తినలేదు, ఫొటోకి దండం పెట్టి నేరుగా పైకి, మా వాటాలోకి వచ్చారు.

"ఆ ఒక్క గుర్తు మీరు పెట్టేస్తే మిగతావాళ్ళూ పెడతారమ్మా. ఇన్ని భాషలవాళ్ళు చూస్తున్నారు, మన తెలుగువాళ్ళకే పరువుతక్కువ" అన్నారు.

"వాక్యం మార్చండి, పెడతాను."

"ఏమని మార్చమంటారు?"

"ఆవిడ మాటకి తప్పు అర్థం చెప్పి, దాన్ని పట్టుకుని మండలి ఆవిణ్ణి తీసేసిందని. తప్పు అర్థం చెప్పిందెవరో కూడా ఉండాలి."

"పోయినవాళ్ళ విషయంలో పంతాలెందుకండీ."

"ఉన్నప్పుడు మీ ఇంటికొచ్చి అడిగింది కదండీ. అప్పుడు పంతం లేదు."

"నేను కావాలని చెయ్యలేదు" అన్నారు మెల్లగా.

"అయితే అదే రాయండి" అన్నాను. నిజంగా కావాలని చేశారో లేదో నాకు అక్కర్లేదు. ఆయన చేత్తో రాయాలి, ఆయన ఇంగ్లీషులోనే రాయాలి, అన్ని భాషలవాళ్ళూ చదివి ఔననాలి. నాకు అంతే కావాలి.

ఆయన లేచారు. చావు జరిగిన ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు 'వస్తా' అనకూడదు, మా వైపువాళ్ళకి అది ఒకరు చెప్పనక్కర్లేదు. "వెళ్తానండి" అన్నారు. గుమ్మం పక్కన మా అమ్మ మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉంది. జీవితంలో ఎవరినీ ఎదిరించి మాట్లాడని మనిషి. ఎంతో మర్యాదగా అడిగింది, "రాజీనామానా బాబూ?"

ఆయన మజ్జిగ తీసుకోకుండా మెట్లు దిగారు. నేను పిట్టగోడ దగ్గరికి వెళ్ళి చూశాను. గేటు దాటి, షామియానా నీడ కూడా దాటి, వీధి మధ్యలో ఆగి ఫోన్ తీశారు. రాస్తున్నారు, చెరుపుతున్నారు, మళ్ళీ రాస్తున్నారు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నా చేతిలో ఆ పేజీ తెరిచే ఉంది. చూస్తుండగానే ఇంగ్లీషు వాక్యంలో 'స్వచ్ఛందంగా' అన్న మాట చెరిగిపోయింది. దాని చోట ఇంకా ఏమీ పడలేదు. ఎండ మండిపోతోంది, పక్కనే నీడ ఉంది. ఆయన్ని నీడలోకి రమ్మని నేను పిలవలేదు.